నిలబడే చోటు: అడవి ఫొటోగ్రఫీపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఈ పూట మాట్లాడుకునేది చెట్ల గురించి. పులులు, పిట్టల ఫొటోల కోసం వచ్చినవాళ్లుంటే ముందే చెప్పేస్తున్నాను, వాటి జోలికి పోవడం లేదు. అడవి లోపల నిలబడి అడవినే ఫొటో తీయడం ఎలా, అది మనకేమిస్తుంది, అంతవరకే.

కొండనో జలపాతాన్నో తీసేవాళ్లకి ఒక సదుపాయం ఉంది. ఎటు చూడాలో అవే చెబుతాయి. అడవి అలా చెప్పదు. లోపలికి అడుగుపెట్టగానే ఆహా అనిపిస్తుంది, క్లిక్ చేస్తాం, ఇంటికొచ్చి చూస్తే చిక్కుపడ్డ కొమ్మలు తప్ప ఏమీ ఉండవు. ఇందులో మీ తప్పేమీ లేదు, కెమెరా తప్పూ లేదు. మన రెండు కళ్ల మధ్య సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉంది. ఆ ఎడం వల్ల దగ్గరి చెట్టు, దూరపు చెట్టు వేర్వేరుగా తెలుస్తాయి. పైగా మనం నడుస్తుంటే దగ్గరివి గబగబా పక్కకు జరుగుతాయి, దూరానివి నెమ్మదిగా జరుగుతాయి. మెదడు ఈ రెంటినీ పట్టుకుని గందరగోళాన్ని విడదీస్తుంది. కెమెరాకి ఉన్నది ఒకటే కన్ను, అదీ కదలని కన్ను. అందుకే బొమ్మలో ముందున్న మాను, వెనకున్న మాను ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

కాబట్టి మొదటి అభ్యాసం చాలా సులువు. కెమెరా బయటికి తీయకండి. నచ్చిన చోట ఆగి, ఒక కన్ను మూసుకుని, తల కదపకుండా చూడండి. అప్పటికీ ఆ దృశ్యం నిలబడితే కెమెరా నిలిపే ముక్కాలి స్టాండు, అంటే ట్రైపాడ్, తెరవండి. చాలాసార్లు నిలబడదు. అప్పుడు ఒక అడుగు ఎడమకి, అర అడుగు కుడికి జరిగి చూడండి. అడవి ఫొటోగ్రఫీలో సగం పని ఈ జరగడమే. నా మాట కాస్త అతిగా అనిపించవచ్చు గానీ, లెన్స్ మార్చడం కన్నా అర అడుగు జరగడం వల్ల బాగుపడ్డ ఫొటోలే ఎక్కువ.

జరిగేటప్పుడు దేనికోసం చూడాలి? ప్రధానమైన చెట్టు ఒకటి ఎంచుకున్నారనుకుందాం. వంకర తిరిగిన మాను కావచ్చు, చుట్టూ ఉన్నవాటికన్నా లేత రంగు బెరడున్నది కావచ్చు. దాని అంచు పొడవునా, మొదలు నుంచి పైదాకా చూపు నడిపించండి. వెనకున్న మరో కాండం ఆ అంచుకి తగులుతోందా? తగిలితే రెండూ కలిసి ఒక లావుపాటి, ఆకారం తెలియని ముద్దలా కనిపిస్తాయి. వాటి మధ్య కాస్త ఖాళీ, వేలెడంతైనా సరే, కనబడేదాకా పక్కకి జరగండి. దగ్గరి చెట్లు ఎక్కువగా జరుగుతాయి, దూరానివి తక్కువగా జరుగుతాయని ఇందాక అనుకున్నాం కదా, ఆ సూత్రమే ఇక్కడ పనికొస్తుంది. పది మీటర్ల దూరంలో ఉన్న చెట్టుని వెనకున్నదాని నుంచి విడదీయడానికి జానెడు జరిగితే సరిపోవచ్చు. రెండూ యాభై మీటర్ల అవతల ఉంటే చాలా అడుగులు వేయాలి.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. ట్రైపాడ్ ఎప్పుడూ తమ కంటి ఎత్తుకే పెడతారు, లేదా ముందుభాగం గొప్పగా కనిపించాలని నేలకి ఆనించేస్తారు. అడవిలో కెమెరా కిందికి దించితే ముందున్న పొదలు వెనక చెట్ల మొదళ్లని కప్పేస్తాయి. పైకి లేపితే నేల విప్పుకుంటుంది, ఒక్కో చెట్టు మొదలు ఒక్కో ఎత్తులో కనబడుతుంది, దాంతో లోతు వస్తుంది. అందుకని తుప్పలు ఎక్కువున్న చోట కాస్త ఎత్తు మేలు, శుభ్రంగా ఆకులు రాలిన నేల ఉన్నచోట కిందికి దిగినా పరవాలేదు. దించినా లేపినా అంగుళాల్లోనే తేడా తెలుస్తుంది.

ఆఖరున ఫ్రేమ్ నాలుగు అంచులూ తిరిగి చూడాలి. పైనుంచి తొంగిచూసే తెల్లని ఆకాశపు ముక్క అన్నిటికన్నా పెద్ద దొంగ. ఎంత చిన్నదైనా చూపుని ఎత్తుకుపోతుంది. కెమెరా కాస్త దించి ఆకాశాన్ని వదిలేయండి, లేదా ఏదో ఒక కొమ్మ వెనక దాచండి. పక్క అంచుల్లో సగం తెగిన కాండాలు ఉంటే పూర్తిగా లోపలికి తేవాలి, లేదా పూర్తిగా బయటికి పంపాలి. రెండు వైపులా ఒక్కో నిటారు మాను దొరికితే మంచిది, చూపు బయటికి జారకుండా అవి గోడల్లా ఆపుతాయి.

ఇక లెన్స్. కొత్తవాళ్లు అడవికి వెడల్పు లెన్స్ పట్టుకెళ్తారు, అంతా పట్టాలని. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, అంటే వెలుగుని పట్టే సెన్సార్ పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఫ్రేమంత ఉన్న కెమెరా, దాని మీద 24 మిల్లీమీటర్ల లెన్స్ అడ్డంగా 74 డిగ్రీలు చూస్తుంది. 100 మిల్లీమీటర్ల లెన్స్ 20 డిగ్రీలే చూస్తుంది. 74 డిగ్రీల మేర అడవి ఎక్కడా పొందిగ్గా ఉండదు, 20 డిగ్రీల ముక్క అప్పుడప్పుడూ ఉంటుంది. అందుకే 50 నుంచి 135 దాకా ఉన్న లెన్స్‌తో మొదలుపెట్టమంటాను. 70-200 జూమ్ ఉంటే ఇంకేం కావాలి. టెలిఫొటో, అంటే దూరపువాటిని పెద్దగా చూపే లెన్స్, చెట్లని దగ్గరకు నొక్కేస్తుందని అంటుంటారు. ఆ పని చేసేది లెన్స్ కాదు, మనం వెనక్కి వెళ్లడం. దూరం నుంచి చూస్తే ముందు చెట్టుకీ వెనక చెట్టుకీ సైజు తేడా తగ్గుతుంది, లెన్స్ ఆ భాగాన్ని కత్తిరించి ఇస్తుందంతే. ఇది తెలిస్తే ముందు నిలబడే చోటు తేల్చుకుని, ఆ తర్వాత జూమ్ తిప్పుతారు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

వెలుగు గురించి ఎక్కువసేపు మాట్లాడాలి. మిట్ట మధ్యాహ్నపు ఎండలో దట్టమైన ఆకుల గొడుగు కిందికి చేరే వెలుగు పైన పడ్డదాంట్లో ఒకటి రెండు శాతమే ఉండొచ్చు. అంటే ఎండపొడ పడ్డ ఆకుకీ పక్కనే నీడలో ఉన్న ఆకుకీ దాదాపు 6 స్టాపుల తేడా, ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడమో సగం కావడమో. దానికి నల్ల బెరడు, మెరిసే ఆకు, మధ్యలో ఆకాశం కలిపితే 11, 12 స్టాపులు దాటుతుంది. ఇప్పటి సెన్సార్లు తక్కువ ఐఎస్ఓ దగ్గర, అంటే వెలుగుకి కెమెరా స్పందించే స్థాయిని తక్కువగా పెట్టినప్పుడు, అంత పరిధిని పట్టగలవు. మరి ఇబ్బంది ఎక్కడ? పట్టినా బొమ్మ బాగుండదు. ఎండపొడలు ఎక్కడ పడాలో మనల్ని అడిగి పడవు. అక్కర్లేని రాయి మీద ఒకటి, మధ్యలో అడ్డొచ్చిన రెమ్మ మీద ఒకటి పడి, అసలు చెట్టు చీకట్లో మిగులుతుంది. వేర్వేరు వెలుగు స్థాయిల్లో మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలిపినా ఈ రోగం కుదరదు, మచ్చలు మచ్చల్లాగే ఉంటాయి.

మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా ఒకే దీపం. నీడలకి అంచులు ఉండవు, రంగులు తమంతట తాము పైకి వస్తాయి. ఇలియట్ పోర్టర్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ వైద్యం చదివి, హార్వర్డ్‌లో బాక్టీరియాలజీ బోధించి, అది వదిలేసి అడవుల్ని రంగుల్లో తీశాడు. ఆయన చిత్రాల్లో చాలా వాటికి ఈ మెత్తని వెలుగే ఆధారం. వాన వెలిసిన గంట మరీ మంచిది. తడిసిన బెరడు నల్లబడుతుంది, నాచు పచ్చగా ఉబ్బుతుంది, రెంటి మధ్య తేడా పెరిగి కాండం ఆకారం తేటగా కనబడుతుంది.

ఎండే ఉంటే ఊరుకోవాలా? అక్కర్లేదు. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు ఎదురుగా తిరగండి. ఆకు గుండా వచ్చే వెలుగు దాన్ని లోపలినుంచి వెలిగిస్తుంది. చీకటి వెనకభాగం మీద అలా వెలిగే ఒకే కొమ్మ దొరికితే చాలు. సూర్యబింబం లెన్స్‌కి తగలకుండా ఒక మాను నీడలో నిలబడండి, ఫ్లేర్, అంటే బొమ్మ మీద అక్కర్లేని వెలుగు మరకలు, రావు. నక్షత్రంలా కిరణాలు కావాలంటే బింబాన్ని కాండం అంచు దగ్గర కొంచెం తొంగిచూడనిచ్చి ఎఫ్/16 పెట్టండి, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, చిన్నదవుతుంది. అపర్చర్ రేకులు సరిసంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు కిరణాలు వస్తాయి. ఇదో సరదా, ప్రతి ఫొటోలో పెడితే విసుగు.

పొగమంచు అడవి ఫొటోగ్రాఫర్ల పండగ. గాలిలో తేలే నీటి తుంపరలు వెలుగుని చెదరగొడతాయి. చెట్టు ఎంత దూరంలో ఉంటే మధ్యలో అన్ని తుంపరలు, అంత తెలుపు. మొదటి వరస ముదురుగా, రెండోది బూడిదగా, మూడోది లేతగా, ఆ వెనక శూన్యం. ఇందాక కెమెరా పోగొట్టుకున్న లోతుని మంచు తిరిగి ఇచ్చేస్తుంది, చెత్తనంతా తుడిచేస్తుంది కూడా.

మంచు ఎప్పుడు పడుతుందో కొంతవరకు ముందే ఊహించవచ్చు. ముందురోజు వాన పడి నేల తడిగా ఉండాలి, రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, గాలి దాదాపు లేనట్టే ఉండాలి. వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతకీ మంచుబిందు స్థానానికీ (గాలిలో తేమ నీటిచుక్కలయ్యే ఉష్ణోగ్రతకి) తేడా తెల్లవారుజామున 2 డిగ్రీల లోపుకి వస్తుంటే అలారం పెట్టుకోవచ్చు. ఒక మెలిక ఉంది. దట్టమైన గొడుగు కింద నేల తన వేడిని ఆకాశంలోకి వదలలేదు, అందుకే అక్కడ మంచు తక్కువ. అది పక్కనున్న పచ్చిక మైదానంలోనో వాగు పల్లంలోనో పుట్టి అడవి అంచులోకి పాకుతుంది. కాబట్టి నడి అడవిలో వెతక్కండి, అంచుల్లో, లోపలున్న ఖాళీ జాగాల్లో వెతకండి. కొండ అడవుల లెక్క వేరు, అక్కడ మబ్బే దిగివస్తుంది, అది మధ్యాహ్నమైనా ఉండొచ్చు.

మంచులో వెలుగుని కొలిచే కెమెరా మీటర్ మోసపోతుంది. చూసిన ప్రతిదీ నడిమి బూడిద రంగు అనుకోవడం దాని స్వభావం. తెల్లని మంచుని బూడిదగా మార్చేస్తుంది. మూడింట రెండు స్టాపుల నుంచి ఒకటింబావు స్టాపు దాకా ఎక్స్‌పోజర్ పెంచండి, బొమ్మలో చీకటి వెలుగుల పంపకాన్ని చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, కుడి అంచుకి తగలకుండా చూసుకోండి. చీకటి అడవిలో దీనికి వ్యతిరేకం, రాత్రిలాంటి చోటుని మీటర్ పగలు చేస్తుంది, అక్కడ తగ్గించాలి. మంచు పల్చబడుతూ సూర్యుడు పైకి వచ్చేటప్పుడు కొమ్మల మధ్య నుంచి వెలుగు ధారలు దిగుతాయి. తుంపరలు వెలుగుని ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి కాబట్టి సూర్యుడి వైపు చూస్తేనే ఆ ధారలు బలంగా కనబడతాయి. వీపు తిప్పితే మాయం. ఇవి కొద్ది నిమిషాల ముచ్చట, కాబట్టి ఫ్రేమ్ ముందే సిద్ధంగా ఉంచుకుని, బాగా వెలిగే భాగాన్ని బట్టి ఎక్స్‌పోజర్ పెట్టుకోండి.

ఇప్పుడు అంకెలు కొన్ని. మబ్బు రోజున గొడుగు కింద ఐఎస్ఓ 100, ఎఫ్/11 పెడితే షట్టర్ తెరిచి ఉండే సమయం 1 సెకను దగ్గరికి వస్తుంది. లెన్స్ ముందు పోలరైజర్ అనే ఫిల్టర్ తగిలిస్తే ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పోతాయి, అంటే 3, 4 సెకన్లు. ట్రైపాడ్ ఎందుకో ఇక అడగక్కర్లేదు. మెత్తటి నేలలో దాని కాళ్లు మెల్లమెల్లగా దిగుతాయి, బలంగా నొక్కి కుదురుకున్నాకే తీయండి. నడిమి కడ్డీ పైకి లాగవద్దు. 2 సెకన్ల టైమర్ వాడండి.

పోలరైజర్ అంటే ఆకాశం నీలం చేసేది అని చాలామంది లెక్క. అడవిలో దాని ఉద్యోగం వేరు. ఆకుల మీద, తడి బెరడు మీద మెరిసే తెల్లని పొరని అది కోసేస్తుంది, కింద దాగిన ఆకుపచ్చ బయటపడుతుంది. తిప్పుతూ చూడండి, ఎడిటింగ్‌లో ఈ పని చేసే మార్గం లేదు. పూర్తిగా తిప్పేస్తే మాత్రం ఆకులు చదునుగా, ప్రాణం లేనట్టు కనిపిస్తాయి. కొంచెం మెరుపు మిగల్చండి.

గాలి వీస్తుంటే? 1 సెకనులో ఆకులన్నీ పచ్చటి పొగ. ఆకు నిలబడాలంటే 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో కనీసం 1/125 కావాలి. అదే వెలుగులో ఆ వేగం రావాలంటే ఎఫ్/5.6, ఐఎస్ఓ 3200. భయపడకండి, పెట్టండి. ఐఎస్ఓ పెంచితే వచ్చే చుక్కల గరుకుని, అంటే నాయిజ్‌ని, తగ్గించుకోవచ్చు, చెరిగిన ఆకుని తిరిగి తేలేం. అయితే ఎఫ్/5.6 దగ్గర వెనక చెట్లు మసకబారతాయి. అందుకే ఓపిక ఉన్నవాళ్లు నిలబడి ఎదురుచూస్తారు. గాలి అలలు అలలుగా వస్తుంది, రెండు అలల మధ్య కొన్ని సెకన్ల నిశ్శబ్దం దొరుకుతుంది.

ఫోకస్ లోతు లెక్క కూడా తెలిసుండాలి. 35 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/11తో 3.7 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే సుమారు 1.9 మీటర్ల నుంచి అనంతం దాకా తేటగా ఉంటుంది. 100 మిల్లీమీటర్లకి వచ్చేసరికి అదే ఎఫ్/11తో 30 మీటర్లకి ఫోకస్ చేయాలి, అప్పుడు 15 మీటర్ల కన్నా దగ్గరివి మసక. 8 మీటర్ల దూరంలో ఫెర్న్ మొక్క, వెనకాల 60 మీటర్ల అవతలి చెట్టు రెండూ కావాలంటే ఒక్క ఫ్రేమ్‌లో కుదరదు. ఎఫ్/22 పెట్టేద్దామంటే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలోంచి వెళ్లే వెలుగు పక్కలకి పరుచుకోవడం వల్ల, బొమ్మంతా మెత్తబడుతుంది. ఎఫ్/8 దగ్గరే ఉంచి, దగ్గర నుంచి దూరానికి ఫోకస్ జరుపుతూ మూడు నుంచి ఆరు ఫ్రేములు తీసి తర్వాత కలపాలి. ఫ్రేముల మధ్య ఆకు కదిలితే కలిపినచోట దయ్యంలా రెండు ఆకులు కనిపిస్తాయి. దానికి మందు మళ్లీ గాలి ఆగడమే.

కెమెరాని పైకి వంచితే నిటారు చెట్లన్నీ పైన ఒకదాని మీదికొకటి వాలిపోతాయి. లెవెల్‌గా పెట్టండి. తప్పనిసరై వంచితే అంచుల్లో కొంత జాగా వదిలి తీయండి, ఎడిటింగ్‌లో సరిచేసినప్పుడు ఆ అంచులే తెగిపోతాయి.

ఎడిటింగ్ గురించి రెండు ముక్కలు. ఆకుల గుండా వచ్చిన వెలుగు పచ్చగా ఉంటుంది, తెలుపు తెల్లగా కనబడేలా రంగుల్ని సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని సరిచేయబోయి గులాబీ రంగు కలిపేస్తుంది. కెమెరా మార్పులు చేయని రా ఫైల్ తీసి, వైట్ బ్యాలెన్స్ కొలతలో 5500 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి మీరే సర్దుకోండి. ఆకులు పచ్చగా కనబడినా సాఫ్ట్‌వేర్ దృష్టిలో వాటిలో ఎక్కువ భాగం పసుపే. విషంలా మెరిసే పచ్చదనం తగ్గించాలంటే పసుపు స్లైడర్ తగ్గించాలి. ఇక ఆర్టన్ ఎఫెక్ట్ ఉంది. మైకేల్ ఆర్టన్ అనే ఫొటోగ్రాఫర్ 1980ల్లో తేటగా ఉన్న స్లైడ్ మీద మసక స్లైడ్ పెట్టి చేసిన పద్ధతి. పొదుపుగా వాడితే వెలుగు కాస్త పరుచుకుంటుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా కలలాంటి అడవులే, నాకైతే మొహం మొత్తింది.

మరి ఇంత కష్టపడితే మనకేం వస్తుంది? రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు 1984లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనబడేవాళ్లు, ఇటుక గోడ కనబడేవాళ్లకన్నా త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. మొత్తం 46 మందే, చిన్న అధ్యయనం. దాన్ని పట్టుకుని అడవికెళ్తే రోగాలన్నీ పోతాయని అనడం తప్పు. చెట్లు చూడటం మనసుకి ఊరట అని మాత్రం ఒప్పుకోవచ్చు. జపాన్ అటవీ శాఖ 1982లోనే అడవిలో ఊరికే గడపడాన్ని షిన్‌రిన్ యోకు, అంటే అడవి స్నానం, అనే పేరుతో ప్రోత్సహించింది. అందులో కెమెరా లేదు, గమనించండి. వెనక తెర మీదే కళ్లు పెట్టుకుని వంద క్లిక్కులు కొట్టేవాళ్లకి ఈ ఊరట దక్కుతుందని నేననుకోను.

కెమెరా వల్ల వచ్చే లాభం వేరు. ఒకే చిన్న చోటుకి మళ్లీ మళ్లీ వెళ్లడానికి అది కారణం అవుతుంది. అరగంటలో నడిచి తిరగగలిగే ముక్క ఎంచుకోండి. ఏడాది తిరిగేసరికి ఏ మాను మీద పొద్దున వెలుగు ఏ నెలలో పడుతుందో, ఏ చెట్టు అందరికన్నా ముందు చిగురు వేస్తుందో, ఆ చిగురు ఎర్రగా మొదలై ఎన్నాళ్లకి పచ్చబడుతుందో, మంచు ఏ పల్లంలో ఆఖరుదాకా నిలుస్తుందో తెలుస్తాయి. అక్కడ ఫోన్‌తో ఒక గుర్తు ఫొటో తీసి, ఏ వెలుగుకి రావాలో రెండు మాటలు రాసుకోండి. ఫొటో రాని రోజు అలా వెతుకులాట రోజు అవుతుంది, నిరాశ తగ్గుతుంది. పేరున్న కొండ దగ్గర వందమంది పక్కపక్కన నిలబడి ఒకే బొమ్మ తీస్తారు. మీరు కనిపెట్టిన ఆ వంకర చెట్టు ఇంకెవరి దగ్గరా ఉండదు. పోటీ లేని చోట చేతికి తొందర తగ్గుతుంది, నిజంగా చూడటం అప్పుడు మొదలవుతుంది. ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఫోన్‌తో ఇవన్నీ కుదురుతాయా అని ఒక శ్రోత అడిగారు.)

చాలావరకు కుదురుతాయి, నిలబడే చోటుకి ఫోన్ అయినా ఒకటే. మామూలుగా తెరుచుకునే వెడల్పు లెన్స్ వదిలి 2 రెట్లు, 3 రెట్ల లెన్స్ వాడండి. ఫోన్ తనంతట తాను నీడలన్నీ వెలిగించి అడవి గాంభీర్యం పోగొడుతుంది. తెర మీద తాకి, ఎక్స్‌పోజర్ కిందికి లాగి తీయండి. రా సదుపాయం ఉంటే అది పెట్టుకోండి.

(ఫ్రేమ్‌లో అడ్డొచ్చిన రెమ్మని విరిచేయవచ్చా అని మరొకరు.)

విరవొద్దు. పచ్చి రెమ్మ అయితే ఫొటో తీసినంతసేపు మెత్తని తాడుతో పక్కకి కట్టి, వెళ్లేటప్పుడు విప్పేయండి. అంతకుముందు అక్కడ గూడు గానీ పురుగుల గుడ్లు గానీ లేవని చూసుకోండి. రక్షిత అడవుల్లో అదీ చేయకూడదు, అక్కడి నియమాలే చివరి మాట. అసలు ఆ రెమ్మ తప్పుకునేలా మీరే జరగగలరేమో ముందు ప్రయత్నించండి. చాలాసార్లు జానెడు చాలు.

(తడి అడవిలో లెన్స్ మసకబారడం గురించి ఇంకొకరు అడిగారు.)

చల్లని గదిలోంచి తీసిన కెమెరాని నేరుగా తేమగాలిలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, గాజు వేడెక్కేదాకా అంతే. సంచి జిప్ వేసే ఉంచి అరగంట బయటి గాలికి అలవాటు పడనివ్వండి, తర్వాత తెరవండి. వానలో లెన్స్ ముందు తొడిగే హుడ్ తప్పనిసరి, పొడి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు మూడు లోపలి జేబులో పెట్టుకోండి. ఇంటికొచ్చాక తడి సంచిలోనే వదిలేయవద్దు. తేమ 60 శాతం దాటిన చోట నెలల తరబడి ఉంచితే లెన్స్ లోపల బూజు పడుతుంది, అది గాజు పూతని తినేస్తే బాగుచేయడం కష్టం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటర్ పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.